గుమాస్తా దిగిపోయిన గంట

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఆ మోత గదిలోంచి ఇంకా పూర్తిగా పోకముందే ప్రూఫమ్మ ఎంటర్ నొక్కేసింది. నొక్కేదాకా లేని భయం నొక్కాక వచ్చింది. "తొలగించబడు" అన్నాడు గుమాస్తా, "తోంది" అనకుండానే ఆగిపోయాడు. పదహారేళ్లలో ఒక్క మాట మింగని వాడు, ఆఖరికి తన మాటే సగం మింగి దిగిపోయాడు. వాడంటే మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే గొంతు. చూపు లేనివాళ్ల కోసం తెర మీద పడే ప్రతి అక్షరాన్నీ పైకి చదివే ప్రోగ్రాము. ముక్కుతో మాట్లాడినట్టు, దస్తాల కొద్దీ కాగితాలు చదివి విసిగిపోయినవాడిలా, ఏ మాటకీ సంతోషపడకుండా, ఏ మాటకీ ఏడవకుండా చదివేవాడని మొదటి రోజే ఆవిడ వాడికి గుమాస్తా అని పేరు పెట్టింది. ఈ బ్రెయిల్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ తను ప్రూఫమ్మ అయిపోయినట్టే వాడూ గుమాస్తా అయిపోయాడు, ఇద్దరికీ అసలు పేర్లున్న సంగతి జీతాల కాగితానికి తప్ప ఎవరికీ పట్టలేదు. తీసేసింది నేనే, అనుకుంది. నా వేలితోనే. వేరే దారి ఉంటే చెయ్యకపోదునా? లేదు కదా. కొత్త గొంతు లోపలికి రావాలంటే పాత గొంతు బయటికి పోవాల్సిందే, రెండూ ఒక పెట్టెలో ఇమడవు, ఆ మాట కొత్త ప్రోగ్రామే నిన్న మొహం మీద కొట్టినట్టు చెప్పింది. చెప్పింది దాని గొంతుతో కాదు, పాపం గుమాస్తా గొంతుతోనే. తనను తీసేయమనే కబురు తనే చదివి వినిపించాడు, ఎప్పటిలాగే, సంతోషమూ లేదు, ఏడుపూ లేదు.

ఇప్పుడు గదిలో ఫ్యాను ఉంది, కంప్యూటరు పొట్టలో ఇంకో చిన్న ఫ్యాను ఉంది, దాని కింద హార్డ్ డిస్కు గరగరమంటూ ఉంది. ఆ గరగర ఉన్నంతసేపూ పని జరుగుతున్నట్టు. గోడ అవతల అచ్చు యంత్రం మందపాటి కాగితం మీద చుక్కలు పొడుస్తూ టకటకలాడేది, భోజనాల వేళ కదా, అదీ ఆగింది. నూనె వాసన, అట్టల మీద జిగురు వాసన, ఎవరో విప్పిన క్యారియర్ మూత చప్పుడు. పొద్దున సూపరింటెండెంటు ఈ కుర్చీ పక్కనే నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే మంచి కబురు కాదని ఈ ప్రెస్సులో అందరికీ తెలుసు. "ఏమనుకోకండమ్మా, పాత సామాను లిస్టులో మీ సిస్టమ్ కూడా రాసేశారు. కొత్త ఫైళ్లు తెరవడం లేదు కదా దీంట్లో. రెండింటికి బండి వస్తుంది. కొత్తది వచ్చే ఏడు చూద్దాం, అందాకా మీరు టెలిఫోను సీట్లో కూర్చుందురు గాని." రెండింటికే ఎందుకండీ అంది తను. బండి వాడికి ఆ టైమే కుదిరింది అన్నాడు. అయితే రెండింటి లోపు దీన్ని కొత్త ఫైళ్లు తెరిచేలా చేస్తే? ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. "చేస్తే లిస్టులోంచి కొట్టేస్తాను, నాకేం పోయింది" అన్నాడు. అదీ సంగతి. రెండు కొట్టేలోపు ఈ పెట్టె మాట్లాడాలి. మాట్లాడకపోతే బండెక్కుతుంది, లా పిల్ల పుస్తకం వచ్చే ఏటి దాకా కొత్త ఫైల్లో మూతపడి ఉంటుంది, ఆ పిల్ల పరీక్ష మాత్రం ఇంకో మూడు వారాల్లోనే ఉంది.

లా చదువుతున్న ఆ చూపు లేని పిల్లని, లా పిల్లని, తను ఎప్పుడూ కలవలేదు, ఫోన్లో గొంతే పరిచయం. గబగబా మాట్లాడుతుంది, మధ్యలో ఊపిరి తీసుకోవడం మరిచిపోయి చివర్లో ఒక్కసారి పెద్దగా తీసుకుంటుంది. "అమ్మ చదివి పెడుతోందండీ, పొద్దుటి నుంచి పని చేసి వచ్చి చదువుతుంది కదా, కునుకు పడుతుంది. కష్టమైన పేరా వస్తే ఇది అక్కర్లేదులే అని దాటేస్తుంది. ఏది దాటేసిందో నాకు తెలియదు కదండీ. పరీక్షలో అదే వస్తే?" ఆ మాట విన్న దగ్గర్నుంచి ప్రూఫమ్మకి నిద్ర సరిగ్గా పట్టలేదు. దాటేయడం. ఆ బాధ ఎవరికి తెలుసు, తనకి కాకపోతే! పుస్తకం అచ్చు వేసినవాళ్లు అడగ్గానే ఫైలు పంపారు, వాళ్లని అనడానికి లేదు, కానీ అది కొత్త రకం ఫైలు, గుమాస్తా దాని గుమ్మం దగ్గరే ఆగిపోయి "తెరవబడలేదు" అన్నాడు. పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే మాట. తెలియనిది తెలిసినట్టు నటించడం రాదు వాడికి.

గరగర ఆగింది. మళ్లీ గరగర. ఆవిడ క్యాప్స్ కీ నొక్కింది, పీప్ అంది కంప్యూటరు. బతికే ఉన్నానులే, కంగారు పడకు అన్నట్టు. గొంతు పోయినా ఆ పీప్ మాత్రం ఉంటుంది, అది గుమాస్తాది కాదు, పెట్టెది. వేళ్లు మళ్లీ ఒళ్లోని అట్ట మీదికి వెళ్లాయి. రెండు ప్రోగ్రాముల సూచనలూ గుమాస్తా చేత చదివించుకుని వారం రోజులు కూర్చుని బ్రెయిల్లో పొడిచిన అట్ట అది, ఏ ప్రశ్న వస్తే ఏ కీ ఎన్నిసార్లు నొక్కాలో లెక్క. ట్యాబ్ ఒకటి, ఎంటర్. ట్యాబ్ మూడు, ఎంటర్. గొంతు ఉండగానే చివరిదాకా వెళ్లడం, చివర్లో వద్దు అని వెనక్కి వచ్చేయడం, అలా ఆరుసార్లు రిహార్సలు వేసింది. మెట్లు ఎక్కేటప్పుడు లెక్క పెట్టుకున్నట్టే ఇదీ, ఇంటి మెట్లు పద్నాలుగు, ప్రెస్సు మెట్లు తొమ్మిది, తొమ్మిదోది కాస్త విరిగింది. లెక్క తప్పితే కాలు గాల్లో పడుతుంది, అంతే. కళ్లున్నవాళ్లు ఎవరినైనా పిలిచి తెర మీద ఏముందో చదవమంటే సరిపోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పొద్దున సూపరింటెండెంటుకీ అదే అనిపించింది, "ఉండండి, నేను చూసి చెబుతాను" అని ముందుకి వంగాడు. వంగి, వంగి, "తెర ఏదమ్మా?" అన్నాడు. తెర లేదు. ఆరేళ్ల క్రితం తనే ఇచ్చేసింది. బల్ల మీద సగం చోటు అదే తినేస్తోంది, వేడొకటి, వెలిగేదో ఆరేదో తెలియని దాన్ని తుడవడం ఒకటి, ముందు గది ఆఫీసులో వాళ్లది పాడైతే "మాకెందుకండీ, పట్టుకుపోండి" అంది గొప్పగా. దానం చేసినంత హాయిగా ఉంది ఆ రోజు. వాళ్లు వాడుకుని, తర్వాత సన్నవి కొనుక్కుని, దాన్ని ఏ బండికో ఎక్కించేశారు. ఆ సన్నవాటి తీగ దీని వెనక పట్టదు. ఇక్కడ పనిచేసే నలుగురిలో తెర కావాల్సినవాళ్లు ఒక్కరూ లేరు, అందుకే తెర లేదన్న సంగతి ఆరేళ్లు ఎవరికీ గుర్తు రాలేదు. గొంతు ఉన్నంతకాలం తెర లేకపోయినా ఏం కాలేదు. గొంతు లేని ఈ గంటకి మాత్రం ఎవరి కళ్లూ పనికిరావు. బాగా చేశావమ్మా, అనుకుంది, నవ్వొచ్చింది, భయంలో వచ్చే నవ్వు.

అయినా తెర ఉండి, ఎవరో ఒకరు చదివినా, ఏం చదువుతారు? చూపున్నవాళ్లు చదవరు, చూసి చెబుతారు. మా ఆయన ఉన్నాడు, మంచివాడు, బంగారం లాంటి మనిషి, పక్కన కూర్చుని సినిమా చూస్తూ ఇప్పుడేమైందండీ అంటే "ఏడుస్తోంది" అంటాడు. ఎవరు, ఎందుకు, ఎక్కడ నిలబడి, ఏం కట్టుకుని? "మామూలేలే." కరెంటు బిల్లు మీద ఏం రాశారండీ అంటే "మామూలే." ఇరవై ఏళ్లలో ఎన్ని మామూలేలు! అన్ని మామూలేల కింద ఎంత ప్రపంచం పడి ఉందో. అమ్మ అలా కాదు, అమ్మ మొత్తం చదివేది. మొత్తం చదివినట్టు చదివేది. చిన్నప్పుడు అరుగు మీద కాళ్లు చాపుకుని అమ్మ పేపరు చదువుతుంటే, పేపరు మడిచే చప్పుడు, ఆ సిరా వాసన, అమ్మ గొంతు నడుస్తూ నడుస్తూ ఒకచోట చిన్న గోతిలో పడినట్టు ఆగి, వెంటనే "ఆ... తర్వాత, వానలు బాగా పడతాయట" అనేది. ఆ గోతిలో ఏముందో తనకి తెలిసేది కాదు. ఏ చావో, ఏ మంటో, ఏ పసిపిల్ల బావిలో పడటమో. అమ్మ చదివే ప్రపంచంలో ఎవరూ చచ్చిపోయేవారు కాదు, ఏదో ఒకచోట వాన మాత్రం పడుతుండేది.

పద్దెనిమిదేళ్లప్పుడు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ కవరు చింపింది. చాలాసేపు చదవలేదు. ఏముందమ్మా? "సీట్లు అయిపోయాయట తల్లీ. ముందే అయిపోయాయట, మనం ఆలస్యం చేశాం." అమ్మ గొంతు ఆ రోజు గోతిలో పడలేదు, గోతి మీద పలక వేసుకుని జాగ్రత్తగా నడిచింది. ఆలస్యం చేశానే అని ప్రూఫమ్మ తనని తను తిట్టుకుంటూ ఎన్నేళ్లు గడిపింది! దరఖాస్తు నాలుగు రోజులు ముందే పంపి ఉంటే అని. తర్వాత గుమాస్తా వచ్చాడు, కాగితం పెడితే ఫొటో తీసుకుని చదివే స్కానరు వచ్చింది, ఒక మధ్యాహ్నం పెట్టె సర్దుతూ పాత కాగితాలన్నీ ఒక్కొక్కటే దాని కింద పెడుతుంటే, రసీదు, రసీదు, పెళ్లి శుభలేఖ, రసీదు, ఇది. "అభ్యర్థినికి చూపు లేనందున తరగతులకు హాజరు కాజాలదని భావించి ఈ దరఖాస్తును తిరస్కరించడమైనది." తేదీతో సహా. కింద సంతకం చెయ్యబడినది అనే మాటతో సహా. మళ్లీ చదవమంటే మళ్లీ చదివాడు, అదే గొంతు, అదే ముక్కు. ఆ రోజు తను ఏడ్చింది, కానీ ఎందుకో వాడి మీద కోపం రాలేదు. తను ఆలస్యం చెయ్యలేదు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఆ సంగతి చెప్పినవాడు ఒక్కడే, దాటేయడం రానివాడు. అందుకని వాడంటే ప్రేమ. ప్రేమే, ఇంకో మాట లేదు దానికి. అమ్మతో ఆ ఉత్తరం గురించి ఇప్పటికీ అనలేదు. అమ్మ కళ్లకి ఇప్పుడు పొరలొచ్చాయి, సాయంత్రాలు తనే బ్రెయిల్ పత్రిక ఒళ్లో పెట్టుకుని అమ్మకి చదివి వినిపిస్తుంది, వేళ్లు వార్త మీద నడుస్తూ నడుస్తూ ఏ ఆసుపత్రి దగ్గరో ఆగుతాయి, ఏ ముసలావిడ గురించో, నోరు మాత్రం "ఆ... తర్వాత, వానలట అమ్మా" అంటుంది. అన్నాక ఉలిక్కిపడింది మొదటిసారి. అమ్మ ఊఁ కొట్టింది. తెలిసే కొట్టి ఉంటుంది, దొంగకి దొంగ తెలియదా!

డింగ్.

వేళ్లు ఠక్కున కీబోర్డు మీదికి వచ్చాయి. ఇది అట్టలో ఉంది. చిట్టచివరి ప్రశ్న. "మీ సొంత ఉచ్చారణలు కూడా తొలగించాలా?" అవును, కాదు. ఏమీ చెయ్యకుండా ఎంటర్ కొడితే అవును. ఒక్క ట్యాబ్ కొట్టి ఎంటర్ కొడితే కాదు. గుమాస్తాకి మొదట్లో మాటలు సరిగ్గా వచ్చేవా ఏమిటి? సున్నాలు మింగేవాడు, ఒత్తులు తన్నేవాడు, మనుషుల పేర్లయితే మరీ ఖూనీ. ఒక్కొక్క మాటా పట్టుకుని, ఇలా కాదు నాయనా ఇలా అని పక్కన రాసి నేర్పింది. వారానికి రెండో మూడో. పదహారేళ్లకి రెండు వేల మూడు వందల పద్నాలుగు మాటలు. అవన్నీ ఒక ఫోల్డర్లో ఉన్నాయి. ప్రోగ్రాము పోయినా ఆ మాటలు పోకూడదు. అవి వాడివి కావు, నావి. ట్యాబ్. ఎంటర్. గరగర, ఒక నిట్టూర్పు, నిశ్శబ్దం, ఆ తర్వాత కంప్యూటరు ఆరి మళ్లీ వెలిగేటప్పుడు వచ్చే నాలుగు స్వరాల పాట. ఎన్ని వేల పొద్దుల్లో విందో దాన్ని, ఎప్పుడూ ఆ పాట వెనకే వాడు "నమస్కారం" అనేవాడు. పాట అయింది. ఎవరూ నమస్కారం అనలేదు. ఆ ఖాళీలోకి తనే "నమస్కారం" అంది, చిన్నగా, ఎవరైనా విన్నారేమోనని సిగ్గుపడుతూ.

కొత్త ప్రోగ్రాము ఉన్న పెన్ డ్రైవు గుచ్చింది. అట్ట రెండో వైపు. విండోస్ కీ, ఆర్, పేరు టైపు చేసి ఎంటర్. ఒకటి, రెండు, మూడు. టంగ్. కాదు, ఇది ఉండకూడదు. ఇక్కడ అట్ట ప్రకారం టంగ్ లేదు, గరగర మొదలవ్వాలి. తప్పు టైపు చేశానా? ఎస్కేప్. మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్క అక్షరం నాలుక మీద పెట్టుకుని. ఎంటర్. ఒకటి, రెండు, మూడు. టంగ్. మూడోసారి. టంగ్. ఆ టంగ్ లోపల ఒక వాక్యం ఉంది, ఈ క్షణాన గాలిలోనే ఎక్కడో వెలుగుతూ ఉంది, చదివేవాడు లేడు. పాతవాడు పోయాడు, కొత్తది రాలేదు, నడి వాకిట్లో నిలబెట్టేసింది తను అందర్నీ. ఎందుకొచ్చిన తెలివితేటలు! టెలిఫోను సీట్లో కూర్చుంటే ఏం, ఎవరి నంబరు వాళ్లకి కలిపితే సరిపోయేది, లా పిల్లకి సారీ చెబితే ఒక పెద్ద ఊపిరి తీసుకుని పర్లేదండీ అనేది, ఆ పర్లేదు చాలు జీవితాంతం గుచ్చుకోవడానికి.

"ఏంటే, టంగు టంగుమంటోంది, గుడి కట్టావా లోపల?" తలుపు దగ్గర జిగురు వాసన, చెప్పుల ఈడ్పు. దబ్బనం బాబాయి. పుస్తకాలు కుట్టే ఆయన, వెలుగుందో చీకటుందో తప్ప ఆయన కళ్లకీ ఇంకేం తెలియదు, దబ్బనం మాత్రం నలభై ఏళ్లలో ఒక్కసారి వేలికి గుచ్చుకోలేదు.

"టైమెంత బాబాయ్?"

ఆయన చేతిగడియారం మూత తెరిచి ముళ్లు తడిమాడు. "ముప్పావు. టీ తెచ్చా, తాగు. ఎడమ చేతి పక్కన పెడుతున్నా."

"రావడం లేదు బాబాయ్. నోరు మూసుకుని కూర్చుంది. తీసేశాను వాడిని. చేజేతులా తీసేశాను."

"తీసేస్తే తీసేశావు. కొత్తది ఎందుకు రానంటోంది?"

"చెబుతోందిగా టంగ్ అని. ఏం చెబుతోందో తెలిస్తే కదా."

"నిన్న టంగ్ అనలేదా?" అన్నాడు బాబాయి, టీ ఊదుకుంటూ.

అంది. నిన్న అంది. ప్రూఫమ్మ చెయ్యి గ్లాసు దగ్గరే ఆగిపోయింది. నిన్న రిహార్సల్లో, గుమాస్తా ఉండగానే కొత్తదాన్ని పిలిస్తే, ఒకటి, రెండు, మూడు, టంగ్. సరిగ్గా అక్కడే. అప్పుడు వాడు చదివాడు, "పాత ప్రోగ్రాము ఈ కంప్యూటర్లో ఉన్నది. ముందుగా దానిని తొలగించండి." అదే టంగ్, అదే మూడో లెక్క దగ్గర. అంటే ఇప్పుడూ అదే వాక్యం. పాతవాడు ఇంకా ఉన్నాడనుకుంటోంది అది. వాడు లేడే, నా చెవులారా పోయాడే. పోయాడు గానీ, ఏం మిగిలింది? ఫోల్డరు. రెండు వేల మూడు వందల పద్నాలుగు మాటలు. వాడి పేరు మీదే ఉన్న ఫోల్డరు, వాడి చోట్లోనే. కాదు అని ఒక ట్యాబ్ కొట్టి తను అట్టేపెట్టిన ఫోల్డరు. కొత్తది గుమ్మంలోకి వచ్చి ఆ పేరు చూసి, ఓహో ఆయన ఇంకా ఖాళీ చెయ్యలేదు కాబోలు అని వెనక్కి పోతోంది. అడ్డం ఉన్నది వాడు కాదు, నేనే.

తీసేయడం తెలుసు. కంప్యూటరుకి నేరుగా ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి మూడు అక్షరాలు కొట్టి ఫోల్డరు పేరు కొట్టి ఎంటర్ అంటే తుడిచిపెట్టుకుపోతుంది, ఖాయంగా పోతుంది, ఆ వెంటనే కొత్తది వస్తుంది. పన్నెండు నిమిషాలుంది. లా పిల్ల ముందు మాటలెంత? మాటలు మళ్లీ నేర్పుకోవచ్చు. పదహారేళ్లు. వేళ్లు కీబోర్డు మీద పెట్టింది, పెట్టాక కదల్లేదు. అమ్మ ఇల్లు గుర్తొచ్చింది ఎందుకో, వంటింటి పైన అటక. పగిలిన ఉయ్యాల, నాన్న గొడుగు, తన మొదటి బ్రెయిల్ పలక. కొత్త సామాను వచ్చినప్పుడల్లా నాన్న పారేయ్ అనేవాడు, అమ్మ పారేసేది కాదు, ముక్కాలిపీట ఎక్కి అటక మీదికి తోసేది. "కాళ్లకి అడ్డం లేకపోతే చాలు కదా, ఉండనీ" అనేది. ఆ ఉత్తరాన్నీ అలాగే తోసింది. చింపెయ్యొచ్చు. పొయ్యిలో పెట్టేస్తే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. పెట్టెలో అడుగున, రసీదుల మధ్య దాచింది. ఎప్పటికైనా ఎవరో చదివి పెడతారనా? అమ్మ తన నోటితో చదవలేని మాటని ఇంకెవరైనా చదువుతారనా? ఇన్నేళ్లకి ఇప్పుడు తట్టింది ఈ ఆలోచన, టీ చల్లారిపోతున్న ఈ ముప్పావు తర్వాత. అమ్మా, అనుకుంది. చింపలేదే నువ్వు.

తీసేయక్కర్లేదు. పేరు మారిస్తే చాలు. పేరు మార్చడానికీ మూడు అక్షరాలే. నల్ల కిటికీ తెరిచింది, తెరుచుకుందనే అనుకుంది, క్యాప్స్ నొక్కితే పీప్, మళ్లీ నొక్కితే ఇంకో పీప్, సరే. అక్షరం, అక్షరం, అక్షరం. ఖాళీ. పాత పేరు, దారి మొత్తం. ఖాళీ. కొత్త పేరు? ఏదో ఒకటి, చిన్నది, తప్పుపోనిది. వేళ్లు ఆవిడని అడక్కుండానే కొట్టేశాయి, ఇంగ్లీషు అక్షరాల్లో ఐదు, అటక. ఎంటర్. ఏమీ వినపడలేదు. ఆ నల్ల కిటికీ సంగతే అంత, పని అయినా మౌనమే, తప్పినా మౌనమే. పక్కన బాబాయి కూడా ఊపిరి బిగబట్టాడని ఆయన టీ ఊదడం ఆగిపోవడంతో తెలిసింది.

విండోస్ కీ, ఆర్. పేరు. ఎంటర్. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు అని లెక్కపెట్టడానికి ధైర్యం చాలక ఆగింది. ఆ లెక్క ఆగిన చోట, కింద కాళ్ల దగ్గర, హార్డ్ డిస్కు గరగరమని మొదలెట్టింది. ఇది వేరే గరగర. తీసేసేటప్పటిది రాళ్లు ఈడుస్తున్నట్టు ఉంది, ఇది చేటలో గింజలు పోస్తున్నట్టు ఉంది. "వస్తోంది బాబాయ్" అంది. "వస్తోంది, లోపలికి వస్తోంది." అట్ట మీద ట్యాబ్ రెండు, ఎంటర్, కొట్టింది. ట్యాబ్ ఒకటి, ఎంటర్, కొట్టింది. ఇంక ఏమీ లేదు అట్ట మీద, వేళ్లకి పని లేదు, చెవులకే పని. అచ్చు యంత్రం మళ్లీ మొదలైంది గోడ అవతల. అబ్బా, ఇప్పుడేనా! బయట రోడ్డు మీద ఏదో బండి వెనక్కి వెనక్కి వస్తూ కుయ్ కుయ్ మంటోంది, గేటు చప్పుడు, ఎవరో "ఇటు, ఇటు, చాలు" అంటున్నారు. గడియారం రెండు కొట్టింది. రెండే కదా కొట్టాలి, ఎంతసేపు కొట్టిందో!

బూట్లు వచ్చి ఆగాయి. గొంతు సవరింపు. "అమ్మా, బండి..."

"ఒక్క ఐదు నిమిషాలండీ. కొత్త గొంతు ఎక్కుతోంది."

"ఎక్కడ? నాకేం కనపడట్లేదే."

"మాకు మాత్రం కనపడుతోందా!" అన్నాడు బాబాయి. "ఇలా వంగి, ఆ పెట్టె మీద చెయ్యి పెట్టండి. అరచెయ్యి మొత్తం పెట్టాలి."

ఆయన వంగిన చప్పుడు, మోకాలు టిక్కుమన్న చప్పుడు. చెయ్యి పెట్టాడు. పదకొండేళ్లుగా ఈ గదిలోకి వచ్చి పోతున్నాడు, ఎప్పుడూ దేనినీ ముట్టుకోలేదు. "వణుకుతోంది" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడు చెప్పినట్టు. "పనిచేస్తోందా?" ఊఁ అంది ప్రూఫమ్మ. "ఉండమనండి బండివాడిని, టీ తాగమనండి" అని ఆయన తలుపు వైపు తిరిగి ఎవరికో కేకేశాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు. ముగ్గురూ అలా ఉన్నారు, ఒకరు కింద చెయ్యి పెట్టి, ఒకరు టీ గ్లాసు పట్టుకుని, ఒకరు మాట రాని కీబోర్డు మీద పది వేళ్లూ ఆనించి. రాకపోయినా పర్లేదు అనుకుందామని చూసింది, అనుకోలేకపోయింది. రావాలి. వచ్చి తీరాలి. దాటేయకుండా చదివే గొంతు ఒకటి ఈ లోకంలో ఉండాలి, నాకే కాదు, ఫోన్లో ఊపిరి తీసుకోవడం మరిచిపోయే ఆ పిల్లకి ఉండాలి.

గరగర ఆగింది. నాలుగు స్వరాల పాట.

"స్వాగతం" అంది ఒక ఆడగొంతు. పడుచు గొంతు, కాస్త తొందర, ఇంట్లోకి కొత్తగా వచ్చి ఏ గది ఎటో తెలియకుండానే పని మొదలెట్టేసేవాళ్ల తొందర. "ఇప్పుడు మీ తెర మీద ఉన్నదాన్ని చదువుతున్నాను."

"తెరే లేదే తల్లీ!" అని ప్రూఫమ్మ పైకే అనేసింది, నవ్వింది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో తెలియలేదు. బాబాయి బల్ల మీద చేత్తో చరిచాడు. సూపరింటెండెంటు లేచి నిలబడి జేబులోంచి కాగితం తీశాడు, పెన్ను గీసిన చప్పుడు, ఒక్క గీత, మందంగా. "కొట్టేశానమ్మా" అన్నాడు, గొంతు సవరించుకోకుండానే. కొత్త గొంతు మాటలు పలకడంలో గుమాస్తా మొదటి రోజుల కంటే ఏం మెరుగు కాదు, సున్నాలు ఇదీ మింగుతోంది. మింగనీ. అటక మీద రెండు వేల మూడు వందల పద్నాలుగు ఉన్నాయి, రోజుకి పది దింపితే ఏడాది తిరక్కుండా నేర్చేసుకుంటుంది. సాయంత్రం అమ్మకి పత్రిక చదివేటప్పుడు వేళ్లు ఆగిన చోట నోరు కూడా ఆపాలి ఇవాళ. ఆపి, ఇక్కడ ఇది ఉందమ్మా, చదవనా అని అడగాలి. ఆ ఉత్తరం సంగతీ చెప్పాలి. చదివానమ్మా, నాకేం కాలేదు అని.

ముందు ఫోను. వేళ్లకి ఆ నంబరు వచ్చు. అవతల ఎత్తీ ఎత్తగానే, "వచ్చిందాండీ, రాలేదాండీ, రాకపోయినా పర్లే..." అని ఊపిరి లేకుండా మొదలెట్టింది లా పిల్ల. ప్రూఫమ్మ ఫైలు మీద ఎంటర్ కొట్టి, రిసీవరు తీసుకెళ్లి స్పీకరు దగ్గర పెట్టింది. తెరుచుకుంది. మొదటి పుట, రెండో పుట, ముందుమాట, కింద చిన్నక్షరాల్లో ఉన్న గమనికలు, ఆ గమనికల కింద గమనికలు, కొత్త గొంతు దేన్నీ వదలకుండా, దేనికీ జాలిపడకుండా చదువుకుంటూ పోతోంది. కాసేపటికి రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఊపిరి పెద్దగా తీసుకున్న చప్పుడు.

"అంతా చదువుతుందాండీ?"

"అంతా చదువుతుందమ్మా. వద్దన్నా ఆగదు."

అవతల దూరంగా ఇంకో గొంతు, పని చేసి అలిసిపోయిన గొంతు, వాళ్లమ్మ కాబోలు, "అయితే ఇంక నేను కాసేపు నడుం వాల్చొచ్చా తల్లీ?" అంటోంది.

"ఉండమ్మా, ఇలా రా, పక్కన కూర్చో" అంది లా పిల్ల. "నువ్వు దాటేసిన పేరాలన్నీ వస్తున్నాయి, ఇద్దరం కలిసి విందాం."